బైక్‌కి జీపీఎస్ కొనాలా, ఫోన్ చాలదా?

ప్రశ్న: నాకు 350 సీసీ బుల్లెట్ ఉంది. నెలకోసారి మారేడుమిల్లి, చింతూరు వైపు వెళ్తుంటాను. ఘాట్‌లో సిగ్నల్ పోగానే ఫోన్‌లో మ్యాప్ ఆగిపోతోంది. విడిగా జీపీఎస్ పరికరం కొనమంటారా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: సిగ్నల్ కోసమే అయితే కొనక్కర్లేదండి. జీపీఎస్‌కి సిమ్‌తో పనిలేదు. మీరెక్కడున్నారో ఉపగ్రహాల సంకేతాలతోనే తెలుస్తుంది. ఆగిపోతున్నది నెట్ మీద రావాల్సిన మ్యాప్ మాత్రమే. బయల్దేరే ముందే ఆ ప్రాంతం మ్యాప్‌ను ఆఫ్‌లైన్‌లో దించుకుంటే సరి.

అయితే హ్యాండిల్ మీద ఫోన్‌కి మూడు గండాలు: ఎండ, వాన, అదురు. ఎండకు వేడెక్కితే తెర మసకబారుతుంది. తడి వేలికి, గ్లౌజుకి సరిగ్గా పలకదు. ఎక్కువ శక్తిగల ఇంజిన్ల అదురు కెమెరాను దెబ్బతీయవచ్చని 2021లో ఆపిల్ సంస్థే హెచ్చరించింది. అదురు తగ్గించే మౌంట్ వాడండి. వీలైతే పాత ఫోన్ బిగించండి.

లదాఖ్ లాంటి దూరయాత్రలు తరచూ చేసేవారికి విడి పరికరం మేలు. కొనేటప్పుడు ఐపీఎక్స్7 గుర్తు చూడండి. అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని అర్థం. గ్లౌజుతో పలికే తెర, ఎండలోనూ కనిపించే వెలుగు, మన దేశం మ్యాపులు ఉండాలి. తీగకు ఫ్యూజు పెట్టించి, తాళం తిప్పితేనే కరెంటు వచ్చేలా కలిపించండి. లేకపోతే బండి బ్యాటరీ దిగిపోతుంది.

ఒక జాగ్రత్త: ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే రకం జోలికి పోకండి. మన దేశంలో దానికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి.