పూల్ వాక్యూమ్ మట్టి లాగడం లేదా?

ఊళ్లో మోటారు నీళ్లు ఎత్తకపోతే మా నాన్న ముందు అడిగేది ఒకటే: "గాలి పట్టిందేమో చూశావురా?" డాలస్ శివారులో మా పెరటి పూల్ అడుగున వాక్యూమ్ ఊరికే జారుతూ, మట్టి ఎక్కడిదక్కడే ఉండిపోయిన రోజు నాకు ఆ మాటే గుర్తొచ్చింది. గొట్టంలోకి గాలైనా దూరుతూ ఉండాలి, దారిలో ఏదైనా అడ్డమైనా పడి ఉండాలి. చాలాసార్లు రోగం ఈ రెండిట్లో ఒకటే.

1. ముందు ఫిల్టర్ మీదున్న ప్రెషర్ గేజ్ చూడండి. ఫిల్టర్ శుభ్రం చేసిన రోజు ముల్లు ఎక్కడుందో మార్కర్‌తో పక్కనే రాసిపెట్టుకోవాలి. అంతకన్నా 8-10 పీఎస్‌ఐ పెరిగిందంటే ఫిల్టర్ నిండిందని అర్థం. ఇసుక ఫిల్టరైతే పంపు ఆపి, వాల్వ్ తిప్పి బ్యాక్‌వాష్ చేయండి. కార్ట్రిడ్జ్ అయితే బయటికి తీసి కడగండి. ముల్లు మామూలు కన్నా కిందికి దిగిందా, ఫిల్టర్ జోలికి పోకండి. గోల పంపు దగ్గరో, పంపుకు నీళ్లొచ్చే దారిలోనో ఉంది.

2. నీటి మట్టం స్కిమ్మర్ నోటికి సగం దాకా ఉండాలి. టెక్సస్ ఎండలకు నీళ్లు తెలియకుండానే తగ్గిపోతాయి.

3. హోస్‌లో గాలి మిగలకూడదు. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. వాక్యూమ్ హెడ్‌కు హోస్ తగిలించి అడుక్కి దించండి. రెండో కొసను పూల్‌లోకి నీళ్లు తిరిగొచ్చే రంధ్రానికి ఆనించి పట్టుకుంటే, కింద హెడ్‌లోంచి బుడగలు వస్తాయి. అవి ఆగేదాకా ఓపిక పట్టి, కొసను నీళ్లలోంచి పైకి తీయకుండానే స్కిమ్మర్‌లోకి చేర్చండి. హోస్‌కు గిరగిరా తిరిగే కొస ఒకటి ఉంటుంది, అది హెడ్ వైపు ఉండాలి. మా ఇంట్లో రెండు వారాలు తిరగేసి పెట్టుకుని, పంపు పాడైందని తిట్టుకున్నాం.

4. పంపు ఆపి బుట్టలు రెండూ ఖాళీ చేయండి: స్కిమ్మర్‌లోది, పంపు ముందుది. ఇక్కడి లైవ్ ఓక్ చెట్లు అందరిలా శిశిరంలో కాదు, వసంతంలో ఆకు రాలుస్తాయి. మార్చిలో ఈ పని రోజూ తప్పదు.

5. పంపు పారదర్శక మూతలోంచి చూస్తే బుడగలు తిరుగుతున్నాయా? మూత కింద ఓ-రింగ్ ఎండిపోయో, పగిలో ఉంటుంది. తుడిచి సిలికాన్ గ్రీజు రాయండి. వ్యాజ్‌లైన్ వద్దు, రబ్బరు పాడవుతుంది. ఇంకా అనుమానముంటే పంపు నడుస్తుండగా మూత అంచున, పైపు అతుకుల మీద షేవింగ్ నురగ పూయండి. గాలి దూరేచోట నురగ లోపలికి గుంజుకుపోతుంది. పంపుకు నీళ్లొచ్చే వైపు చిల్లు నీళ్లు కార్చదు, గాలి పీలుస్తుంది. అందుకే కంటికి దొరకదు.

6. అడుగు డ్రెయిన్ వాల్వ్, రెండో స్కిమ్మర్ వాల్వ్ మూస్తే లాగుడంతా హోస్‌కే వస్తుంది. ఆ సమయంలో పిల్లల్ని నీళ్లలోకి దిగనివ్వకండి. 2002లో వర్జీనియాలో ఏడేళ్ల పాప హాట్ టబ్ డ్రెయిన్‌కు అతుక్కుపోయి మరణించింది. డ్రెయిన్ మూతల భద్రత మీద 2007లో వచ్చిన ఫెడరల్ చట్టానికి ఆ పాప పేరే పెట్టారు. మీ డ్రెయిన్ మూత విరిగి ఉంటే వాక్యూమ్ సంగతి తర్వాత, ముందు మూత మార్పించండి.

7. వేరియబుల్ స్పీడ్ పంపైతే వేగం చూడండి. కరెంటు ఆదాకు పెట్టిన తక్కువ వేగం వాక్యూమ్‌కు చాలదు. ఆ కాసేపూ పెంచి, పనయ్యాక తగ్గించండి.

8. ఇవేవీ కాకపోతే ఇంపెల్లర్‌లో చెత్త ఇరుక్కుని ఉండొచ్చు. బ్రేకర్ కట్టేశాకే బుట్ట తీసి, వంచిన తీగతో లోపల కెలకాలి. అప్పటికీ గాలి లాగుతుంటే భూమిలో పైపు పగిలి ఉండొచ్చు. 2021 ఫిబ్రవరి మంచు తుపానుకు టెక్సస్‌లో పగిలిన పూల్ పైపులకు లెక్కలేదు. దానికి గునపం పట్టుకుని మీరు దిగకండి, లీకు పట్టే మనిషిని పిలవండి.