దీపాలకు నూటికి ఎన్ని మార్కులు?

మనకు యూనిట్ టెస్టుల్లో మార్కులు వేస్తారు. దీపాలకు కూడా మార్కులు వేస్తారని మీకు తెలుసా? ఎంత వెలుగు ఇచ్చిందని చూసి వేసే మార్కులు కావు ఇవి. దీపం కింద పెట్టిన వస్తువు రంగు ఎంత సరిగ్గా కనిపించిందో చూసి వేస్తారు. ఈ మార్కును కలర్ రెండరింగ్ ఇండెక్స్ అంటారు. పొట్టిగా సి.ఆర్.ఐ. అని రాస్తారు. ఎల్.ఇ.డి. బల్బు అట్టపెట్టె తిప్పి చూడండి. వాట్లు, ల్యూమెన్లు రాసిన చోటే చాలా పెట్టెల మీద "సి.ఆర్.ఐ. 80" అనో "ఆర్.ఎ. 80" అనో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మా ఇంట్లో బడికి వచ్చినదాన్ని నేనే మొదటిదాన్ని. సెలవులకు ఇంటికి వెళ్తే మందు సీసా మీద రాసిందైనా, బల్బు పెట్టె మీద రాసిందైనా నేనే చదివి చెప్పాలి. మీలో చాలామంది ఇళ్ళల్లో కూడా ఇంతే కదా. అందుకే ఈ చిన్న అక్షరాల సంగతి మన గోడ పత్రికలో రాస్తున్నాను.

1. రంగు ఎలా కనిపిస్తుంది?

పండు మిరపకాయ ఎర్రగా ఎందుకు కనిపిస్తుంది? సూర్యకాంతిలో అన్ని రంగులూ కలిసి ఉంటాయి. 1666లో న్యూటన్ గాజు పట్టకంతో సూర్యకాంతిని విడదీసి చూశాడు. మిరపకాయ మీద ఆ కాంతి పడితే ఎరుపును వెనక్కి పంపి, మిగతా రంగులను చాలావరకు తనలోనే ఉంచుకుంటుంది. వెనక్కి వచ్చిన ఎరుపు మన కంట్లో పడుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. అసలు ఎరుపే లేని దీపం కింద మిరపకాయ పెడితే అది దేనిని వెనక్కి పంపుతుంది? పంపడానికి ఏమీ లేదు. కాయ నల్లగా, మట్టిరంగుగా కనిపిస్తుంది. కాయ మారలేదు. దీపంలో ఎరుపు లేదు, అంతే. కనుక రంగు కనబడాలంటే వస్తువు ఒక్కటి చాలదు, దాని మీద పడే కాంతిలో కూడా ఆ రంగు ఉండాలి.

2. ఏ దీపానికి ఎన్ని?

కింది పట్టిక నోటు పుస్తకంలో రాసుకోండి.

పొయ్యి మంట, కిరసనాయిలు బుడ్డి, కొవ్వొత్తి: దాదాపు 100
ఫిలమెంటు బల్బు (టంగ్‌స్టన్ తీగ ఉన్న పాత గుండ్రటి బల్బు): దాదాపు 100
పాత రకం ట్యూబులైటు: 50 నుంచి 75 వరకు
మూడు ఫాస్ఫర్ల పూత ఉన్న ట్యూబులైటు: 80 పైన
మామూలు తెల్ల ఎల్.ఇ.డి.: 80 దగ్గర
మంచి రకం ఎల్.ఇ.డి.: 90 పైన
వీధుల్లో బంగారు రంగు వెలుగిచ్చే సోడియం దీపం: 20 నుంచి 25
తక్కువ పీడనం సోడియం దీపం: సున్నా కంటే తక్కువ!

పట్టిక చూసి ఆశ్చర్యపోయారా? నాకూ అలాగే అయింది. మన ఇంటి పొయ్యికి ఫస్టు ర్యాంకు వచ్చింది. రోడ్డంతా వెలుగు నింపే సోడియం దీపం ఫెయిలయింది. వెలుగు ఎక్కువగా ఉండడం వేరు, రంగులు సరిగ్గా చూపడం వేరు అని దీనివల్ల తెలుస్తుంది. అయితే బుడ్డి వెలుగు మరీ తక్కువ. మసక వెలుగులో మన కన్ను రంగులను సరిగ్గా పట్టలేదు. వెన్నెల్లో పూలన్నీ బూడిదరంగుగా కనిపించేది అందుకే. కాబట్టి వెలుగూ చాలినంత ఉండాలి, మార్కూ ఉండాలి.

దీపాలకు ఇంత తేడా ఎందుకు? మంట, వేడెక్కిన తీగ అన్ని రంగులనూ ఏ ఖాళీ లేకుండా ఇస్తాయి. తక్కువ పీడనం సోడియం దీపం దాదాపుగా ఒకే ఒక పసుపు రంగు ఇస్తుంది. దాని తరంగదైర్ఘ్యం 589 నానోమీటర్లు. ఆ దీపం కింద ఎర్ర చీర, ఆకుపచ్చ చీర రెండూ ముదురు పసుపుగానో, నల్లగానో ఉంటాయి. కరెంటు తక్కువ తాగుతుంది కాబట్టి రోడ్ల మీద వాడారు. పాదరసం ఆవిరి దీపంలో ఎరుపు చాలా తక్కువ. పూత లేని పాదరసం దీపం కింద మనుషుల పెదవులు నీలంగా, జబ్బు చేసినట్టు కనిపిస్తాయి.

ఇప్పుడు ఎక్కువగా వాడే తెల్ల ఎల్.ఇ.డి. లోపల నీలం కాంతి ఇచ్చే చిప్పు ఉంటుంది. దాని మీద పసుపుపచ్చ ఫాస్ఫర్ పూత ఉంటుంది. నీలం, పసుపు కలిసి కంటికి తెల్లగా అనిపిస్తాయి. నీలం ఎల్.ఇ.డి. తయారుచేసినందుకు 2014లో ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురా అనే ముగ్గురికి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ రకం దీపం కరెంటు బాగా ఆదా చేస్తుంది. కానీ మామూలు రకంలో ముదురు ఎరుపు తక్కువ. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

3. మార్కులు ఎలా వేస్తారు?

కాంతి కొలతల కోసం 1913లో ఏర్పడిన అంతర్జాతీయ సంస్థ ఒకటి ఉంది. దాని పేరు సి.ఐ.ఇ. కార్యాలయం ఆస్ట్రియా దేశంలోని వియన్నా నగరంలో ఉంది. ఈ మార్కులు వేసే పద్ధతిని ఆ సంస్థ 1965లో ప్రకటించింది. 1974లో సవరించింది.

మొదట దీపం కాంతిలో ఏ రంగు ఎంత ఉందో యంత్రంతో కొలుస్తారు. తర్వాత ఎనిమిది నమూనా రంగులు తీసుకుంటారు. ఇవన్నీ కొంచెం వెలిసినట్టుండే రంగులు: బూడిద కలిసిన లేత ఎరుపు, లేత నీలం, లేత ఊదా, పసుపు కలిసిన ఆకుపచ్చ, ఇలాంటివి. ఒక్కో రంగు మన దీపం కింద ఎలా ఉంటుందో, పోలిక కోసం పెట్టుకున్న ప్రమాణ కాంతి కింద ఎలా ఉంటుందో లెక్క కడతారు. రెండింటికీ తేడా ఎంతో చూస్తారు. సూత్రం ఇది:

మార్కు = 100 − (4.6 × తేడా)

తేడా సున్నా అయితే 100 మార్కులు. తేడా 4 అయితే 4.6 × 4 = 18.4. నూరులోంచి తీసేస్తే 81.6. తేడా మరీ ఎక్కువైతే మార్కు సున్నా కంటే కిందికి పోతుంది. 4.6 ఎక్కడి నుంచి వచ్చిందంటే, అప్పట్లో వాడుకలో ఉన్న వార్మ్ వైట్ ట్యూబులైటుకు సుమారు 50 వచ్చేలా ఆ అంకెను ఎంచుకున్నారు.

ఎనిమిది రంగుల మార్కులు కూడి ఎనిమిదితో భాగిస్తే వచ్చే సగటే పెట్టె మీద రాసే సి.ఆర్.ఐ.

4. తొమ్మిదో సబ్జెక్టు సంగతి

సగటు అనేది మనకు తెలిసిందే. లెక్కల్లో తక్కువ వచ్చినా తెలుగులో ఎక్కువ వస్తే సగటు బాగానే కనిపిస్తుంది. దీపాల దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఈ ఎనిమిది కాక ఇంకో ఆరు రంగులు కూడా ఉన్నాయి. మొత్తం పద్నాలుగు. తొమ్మిదోది ముదురు ఎరుపు. దాన్ని ఆర్.9 అంటారు. పద్నాలుగోది చెట్టు ఆకు రంగు. కానీ తొమ్మిది నుంచి పద్నాలుగు వరకు ఉన్న మార్కులను సగటులో కలపరు.

ఉదాహరణకు నేను కొన్ని అంకెలు వేసుకున్నాను. ఎనిమిది రంగులకు 78, 87, 93, 78, 78, 82, 85, 63 వచ్చాయి అనుకోండి. మొత్తం 644. ఎనిమిదితో భాగిస్తే 80.5. పాస్! ఇదే దీపానికి ముదురు ఎరుపులో 2 వచ్చినా పెట్టె మీద 80 అనే ఉంటుంది. మామూలు తెల్ల ఎల్.ఇ.డి.లో ముదురు ఎరుపు తక్కువని పైన చెప్పాను కదా. అందుకే వాటిలో ఆర్.9 చాలాసార్లు సున్నా దగ్గరే ఉంటుంది.

ఈ లోపం చూసి 2015లో అమెరికాలోని ఇల్యూమినేటింగ్ ఇంజనీరింగ్ సొసైటీ 99 నమూనా రంగులతో కొత్త పద్ధతి తెచ్చింది. 2017లో సి.ఐ.ఇ. కూడా 99 రంగుల పద్ధతిని ప్రచురించింది. అయినా పెట్టెల మీద మనకు ఎక్కువగా కనిపించేది పాత సి.ఆర్.ఐ. అంకే.

5. నూరు వచ్చినా చూడాల్సింది ఇంకొకటి

కమ్మరి కొలిమిలో ఇనుము చూశారా? మొదట ఎర్రగా కాలుతుంది, ఇంకా వేడెక్కితే పసుపు, ఆపైన తెలుపు. దీపం వెలుగు రంగును కూడా ఇలాగే కెల్విన్లలో చెబుతారు. ఫిలమెంటు బల్బు సుమారు 2700 కెల్విన్లు, పసుపు వెలుగు. మధ్యాహ్నపు ఎండ సుమారు 5500, తెల్ల వెలుగు.

5000 కెల్విన్ల లోపు ఉన్న దీపాన్ని పగటి వెలుగుతో పోల్చరు. అదే కెల్విన్లకు వేడెక్కిన వస్తువు ఇచ్చే కాంతితో పోలుస్తారు. ఫిలమెంటు బల్బును తనలాంటి దానితోనే పోలుస్తారన్న మాట. అందుకే దానికి నూరు. కానీ దానిలో నీలం తక్కువ, పసుపు ఎరుపు ఎక్కువ. ఆ బల్బు కింద ముదురు నీలం గుడ్డకూ నల్ల గుడ్డకూ తేడా తెలియడం కష్టం. కనుక పెట్టె మీద సి.ఆర్.ఐ. ఒక్కటే చదివితే చాలదు, కెల్విన్లు కూడా చదవాలి.

6. ఇది మనకెందుకు?

కిందటి వర్షాకాలంలో మా డార్మిటరీలో ఒక అక్కకు జ్వరం తగ్గినా నీరసం తగ్గలేదు. అన్నం చూస్తే వికారం. రాత్రి జబ్బుగదిలో పసుపు బల్బు కింద కళ్ళు చూస్తే ఏ తేడా కనబడలేదు. ఆ వెలుగులో అందరి కళ్ళూ పసుపుగానే ఉన్నాయి. పొద్దున్న నర్సమ్మ వచ్చి అక్కను వరండాలోకి నడిపించుకెళ్ళింది. కిందికి చూడమని, పై రెప్ప ఎత్తి చూసింది. కంటి తెల్లభాగం పసుపుపచ్చగా ఉంది. ఆ రోజే ఆస్పత్రికి పంపారు. రక్త పరీక్షలో కామెర్లని తేలింది. అక్క ఇప్పుడు బాగుంది, పదో తరగతి చదువుతోంది.

నర్సమ్మ చెప్పింది: "కామెర్లకు కళ్ళు పగటి వెలుగులోనే చూడాలమ్మా. రక్తం తక్కువగా ఉందా అని చూసేటప్పుడు కింది రెప్ప లోపలి ఎరుపు చూస్తాం. ఎరుపు సరిగ్గా కనబడని లైటు కింద ఏం తెలుస్తుంది?"

నర్సమ్మ చెప్పిన ఎరుపే మన తొమ్మిదో సబ్జెక్టు. రక్తహీనత మన ఆడపిల్లల్లో ఎక్కువ. సికిల్ సెల్ జబ్బు ఆదివాసీల్లో ఎక్కువ, దానిలో కూడా రక్తం తగ్గుతుంది, కళ్ళు పచ్చబడతాయి. ఈ జబ్బు నిర్మూలనకు 2023 జూలై 1న దేశమంతటికీ ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. జబ్బు ఏదో తేల్చేది రక్త పరీక్షే. కానీ ఎవరిని పరీక్షకు పంపాలో ముందు కంటితో చూసేవాళ్ళకే అనుమానం రావాలి.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలు ఆస్పత్రి దీపాల కోసం వేరే అంకె కూడా పెట్టుకున్నాయి. రోగికి ప్రాణవాయువు తగ్గితే పెదవులు, చర్మం నీలిబారతాయి. అది సరిగ్గా కనబడే దీపమేనా అని చూసే అంకె అది. 3.3 మించకూడదు. దీపం 3300 నుంచి 5300 కెల్విన్ల మధ్య ఉండాలి.

మన బడి ఆరోగ్య మంత్రికి, మేడమ్ గార్లకు నా విన్నపం. జబ్బుగదికి ఈసారి లైటు కొనేటప్పుడు పెట్టె మీద మూడు చూడండి: సి.ఆర్.ఐ. 90 లేదా ఆపైన, వెలుగు 4000 కెల్విన్ల దగ్గర, ఆర్.9 రాసి ఉంటే ఎక్కువ అంకె ఉన్నది. అంత మంచి లైటు ఒక్క జబ్బుగదికి చాలు, వరండాకు మామూలుది సరిపోతుంది. లైటు వచ్చేవరకు కళ్ళు, నాలుక, గోళ్ళు పగటి వెలుగులో నీడపట్టున చూడండి. రాత్రి నీరసంగా ఉన్న పిల్లను "కళ్ళు బాగానే ఉన్నాయి" అని పడుకోబెట్టి వదిలేయకండి, పొద్దున్న మళ్ళీ చూడండి.

ఇంటి దగ్గర కూడా ఇది పనికొస్తుంది. సంతలో జాకెట్టు గుడ్డ చీరకు సరిపోయిందా అని మా అమ్మ కొట్టు గుమ్మం బయటికి తెచ్చి చూస్తుంది. రెండు వేరు వేరు అద్దకాలు ఒక దీపం కింద ఒకేలా ఉండి, ఎండలో వేరుగా కనిపించవచ్చు. పసుపు కొమ్ము విరిచి లోపలి రంగు చూసేది కూడా ఎండలోనే. అమ్మ చదువుకోలేదు, అయినా ఆమె చేసేది సరైన పరీక్ష.

7. చేసి చూడండి

ఎర్ర రిబ్బను, మెరూన్ దారం, నల్ల దారం, ముదురు నీలం దారం, ఒక పచ్చి ఆకు తీసుకోండి. మధ్యాహ్నం చెట్టు నీడలో, రాత్రి డార్మిటరీ లైటు కింద, జబ్బుగది లైటు కింద చూసి తేడాలు రాయండి. దారాల వెనక పేర్లు అంటించి, చెల్లెళ్ళను రంగులు చెప్పమనండి. ఎంతమంది సరిగ్గా చెప్పారో లెక్కపెట్టండి.

పాత సి.డి. దొరికితే దాని వెనక వైపు దీపం వెలుగు పడేలా పట్టుకోండి. ఫిలమెంటు బల్బుకు రంగులు వరసగా కలిసి ఉంటాయి. ట్యూబులైటుకు విడివిడి చారలు కనిపిస్తాయి. సూర్యుణ్ణి మాత్రం సి.డి.లో చూడకండి, కళ్ళు పాడవుతాయి.

ప్రశ్నలు: (1) సి.ఆర్.ఐ. 80 ఉన్న దీపం కింద ఎరుపు సరిగ్గా కనబడకపోవచ్చు. ఎందుకు? (2) ఒక రంగుకు తేడా 5 వస్తే మార్కు ఎంత? (3) పొయ్యి మంటకు దాదాపు నూరు వచ్చినా కామెర్లు చూడడానికి ఎందుకు పనికిరాదు? జవాబులు రాసి పత్రిక కింది డబ్బాలో వేయండి. సరైనవి వచ్చే సంచికలో అంటిస్తాం.

— 9వ తరగతి విద్యార్థిని