పొట్టలో నివురుగప్పిన నిప్పు

ఆయన ఆటో డ్రైవరు. వయసు 45 ఏళ్లు. పొద్దున ఆటో ఎక్కితే రాత్రికే దిగుతాడు. కాళ్లూ చేతులూ సన్నగానే ఉంటాయి. పొట్ట మాత్రం ముందుకొచ్చింది.

"మగాడికి ఆ మాత్రం పొట్ట ఉంటేనే అందం" అని నవ్వేసేవాడు.

ఒకరోజు స్టాండులో తోటి డ్రైవరుకు గుండెపోటు వచ్చింది. అతనికీ ఇలాంటి పొట్టే. అది విని భార్య భయపడింది. పట్టుబట్టి ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ టేపుతో నడుము కొలిచింది. 40 అంగుళాలు!

"మన దేశపు మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదు. అంటే సుమారు 35 అంగుళాలు" అంది.

"పొట్ట ఉంటే ఏమవుతుందమ్మా?"

"చర్మం కింది కొవ్వు వేరు. పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు వేరు. ఈ లోపలి కొవ్వు ఊరికే ఉండదు. వాపు పుట్టించే పదార్థాలను నెత్తురులోకి వదులుతుంది. దెబ్బ తగిలిన చోట వాపు కంటికి కనిపిస్తుంది. నాలుగు రోజుల్లో తగ్గుతుంది. ఈ వాపు కనిపించదు, నొప్పి పెట్టదు. నివురుగప్పిన నిప్పులా ఏళ్ల తరబడి ఉంటుంది. రక్తనాళాలను పాడుచేస్తుంది. షుగరు, గుండెజబ్బు వచ్చేందుకు దారి తీస్తుంది."

"మరి ఏం చేయాలి?"

"వారానికి 5 రోజులు, రోజుకు 30 నిమిషాలు వేగంగా నడవండి. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంత వేగం చాలు. వారానికి రెండు రోజులు గుంజీలు తీయండి. నడిచేటప్పుడు గుండెలో నొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆగి, ఆసుపత్రికి రండి."

ఆయన రోజూ నడిచాడు. నూనె సరుకులు తగ్గించాడు. మూడు నెలలకు తూకం చూసుకున్నాడు. తగ్గింది ఒక్క కిలోనే!

"ఇంత నడిచినా ఇంతేనా? ఇక మానేస్తా" అన్నాడు.

డాక్టరమ్మ మళ్లీ నడుము కొలిచింది. 38 అంగుళాలు.

"చూశారా! కొవ్వు కరిగింది, కండ పెరిగింది. తూకం యంత్రానికి ఆ తేడా తెలియదు. పనిచేసే కండ నెత్తురులోని చక్కెరను వాడుకుంటుంది. వాపును తగ్గించే పదార్థాలను కూడా వదులుతుంది. మానేస్తే కొవ్వు మళ్లీ చేరుతుంది."

ఆయన మానలేదు. గుండెపోటు నుంచి కోలుకున్న తోటి డ్రైవరు కూడా, డాక్టరును అడిగి, ఇప్పుడు ఆయన వెంట మెల్లగా నడుస్తున్నాడు.

చెప్పండి:
1. మగవాళ్ల నడుము ఎన్ని అంగుళాలు దాటకూడదు?
2. బరువు పెద్దగా తగ్గకపోయినా మేలు ఎలా జరిగింది?
3. మీ ఇంట్లో మగవాళ్ల నడుము కొలిచి రాయండి.