టిక్కెట్టు కొని పడు భయము

బైబిలు పాఠము. చదువవలసిన భాగములు: 1 సమూయేలు 28:3–25; మత్తయి 14:22–33; లూకా 24:36–43.



గత అక్టోబరు నెలాఖరున ఒక ఆదివారము, మలక్‌పేటలో మా సండేస్కూలు ముగిసిన వెంటనే ఎనిమిదేండ్ల చిన్నది యొకతె నాయొద్దకు వచ్చి, "సార్, మా అపార్టుమెంటుల శనివారం హాలోవీన్ పార్టీ ఉంది. అందరు దయ్యాల వేషం ఏసుకుంటున్నరు. నేను గూడ ఏసుకుంటే యేసయ్యకు కోపమొస్తదా?" అని అడిగినది. ప్రక్కనున్న పెద్దమ్మగారు "రాదా మరి!" అనిరి. ఈవలనున్న యువ ఉపాధ్యాయుడు "ఆటకు కోపమేమిటి?" అని నవ్వెను. పిల్ల ఇద్దరి ముఖములు చూచి, చివరకు నా ముఖము చూచినది. రేపు సాయంకాలము మీ యింటికి వచ్చి చెప్పెదనని తప్పించుకొంటిని. ఆ రాత్రి కూర్చుండి వెదకిన సంగతులే ఈ పాఠము.

మొదట ఆ పేరు సంగతి. హాలోవీన్ అనునది దయ్యము పేరు కాదు. పాత ఇంగ్లీషులో 'హాలో' అనగా పరిశుద్ధుడు, 'ఈన్' అనగా సాయంకాలము. నవంబరు 1వ తేది సకల పరిశుద్ధుల దినము గనుక దాని ముందటి రాత్రికి ఆ పేరు కలిగినది. ఐర్లండు, స్కాట్లండు ప్రాంతములలో అదే కాలమున కోతలు ముగిసి చలికాలము ఆరంభమగునప్పుడు 'సావిన్' అను పాత పండుగ ఒకటి ఉండెడిది. ఆ రాత్రి చనిపోయినవారు తిరుగాడుదురని అక్కడి పల్లెజనుల నమ్మిక. రెండును కాలక్రమమున కలిసిపోయినవి. ఐర్లండువారు టర్నిప్ దుంపలను తొలిచి ముఖములు చెక్కి దీపములు పెట్టెడివారు. 19వ శతాబ్దములో వారు అమెరికాకు వలస పోగా అక్కడ గుమ్మడికాయ సులువుగా దొరికినది. ఇప్పుడు ఆ దేశమందున్న మన తెలుగు బిడ్డలును వేషములు ధరించి ఇంటింటికి పోయి మిఠాయిలు తెచ్చుకొనుచున్నారు. ఆ గుమ్మడికాయను చూచి విడ్డూరమనుకొను మనము, కట్టుచున్న యింటి ముందు కోరలు దిద్దిన దిష్టిబొమ్మను, గుమ్మమున బూడిద గుమ్మడికాయను వ్రేలాడదీయువారము గదా!

మనకు ఆ తేదీ మరియొక విధముగా పరిచయమే. 1517 అక్టోబరు 31న విట్టెన్‌బర్గులో మార్టిన్ లూథరు తన తొంబదియైదు వాదాంశములను వెలువరించెను. ఆ దినమునే సంస్కరణ దినమని ఆచరింతుము. ఒకే తేదీన ఒక వీధిలో అస్థిపంజరములును, ఒక వీధిలో లూథరు కీర్తనయు!

భయమును అమ్ముట క్రొత్త వ్యాపారము కాదు. ఇంగ్లండులో బ్లాక్‌పూల్ అను సముద్రతీరపు విహారస్థలమందు 1930లోనే 'ఘోస్ట్ ట్రైన్' నడిచినది. మన ఊరిలో 1938లో బాగేఆమ్‌లో ఆరంభమై 1946లో నాంపల్లికి మారిన నుమాయిష్‌ను ఎరుగనివారెవరు? మలక్‌పేటలో మెట్రో ఎక్కినవారికి మూడవ స్టేషను గాంధీభవన్, దిగినచో ఎదుటనే ఆ మైదానము. ఎగ్జిబిషన్లలో రంగులరాట్నము ప్రక్కన 'భూత్ బంగ్లా' అని బోర్డు, లోపలినుండి టేపులో అరుపులు, బయట వరుసలో నిలుచున్న మన పిల్లలు. లోపల నేమున్నది? చీకటి, ఇరుకైన వంకర దారి, ముఖమునకు తగులు దారములు, అకస్మాత్తుగా వెలిగి ఆరిపోవు దీపము, నల్లగుడ్డ కప్పుకొని పొంచియున్న ఒక పేద కుఱ్ఱవాడు. దినమంతయు కేకలు వేసి గొంతు పోగొట్టుకొను ఆ కుఱ్ఱవానికి ఎవరైనను మంచినీళ్ళు ఇచ్చెదరా అని నాకు తోచుచుండును.

కేక వినగానే మన శరీరములో ఎడ్రినలిన్ రక్తములోనికి పారును, గుండె వేగముగా కొట్టుకొనును, అరచేతులు చెమర్చును. ప్రమాదము లేదని మనస్సు ఎరిగినందున అదే కలవరము బయటికి రాగానే నవ్వుగా మారును. పెద్దపిల్లలకు అది ఆటయే. నాలుగైదేండ్ల బిడ్డకు మాత్రము ముసుగునకును మనిషికిని గల భేదము ఇంకను స్థిరపడలేదు. అట్టి బిడ్డను బలవంతముగా లోనికి ఈడ్చుకొనిపోయి, ఏడ్చుచుండగా సెల్‌ఫోనులో వీడియో తీయు తండ్రులను చూచియున్నాను. అది ఆట కాదు.

ఇంకొక మాట. చీకటి, ఇరుకు, గందరగోళము అను ఈ మూడును వినోదమునకు ఎంత పనికివచ్చునో మరణమునకును అంతే పనికివచ్చును. 1979 జూన్ 9న సిడ్నీ నగరమందు నీటి యొడ్డుననున్న లూనా పార్కులో ఘోస్ట్ ట్రైన్‌కు నిప్పంటుకొని ఏడుగురు చనిపోయిరి. వారిలో ఆరుగురు పిల్లలు. 1984 మే 11న న్యూజెర్సీలోని ఒక వినోదవనములో దయ్యాలకోట తగులబడి ఎనిమిదిమంది యౌవనులు పోయిరి. 2022 అక్టోబరు 29న సియోల్‌లోని ఇటేవాన్‌లో హాలోవీన్ రాత్రి ఇరుకు సందులో త్రొక్కిడికి 159 మంది బలియైరి. అక్కడ వారిని చంపినది దయ్యము కాదు, జనసమ్మర్దమును ముందుగా ఆలోచింపని మనుష్యుల అజాగ్రత్త. బయటికి పోవు ద్వారమెక్కడో చూడక బిడ్డను ఏ భూత్ బంగ్లాలోనికిని పంపకుడి.

ఇక వాక్యభాగములకు వచ్చెదము. మత్తయి 14లో శిష్యులు నడిరాత్రి దాటిన తరువాత గాలితో పోరాడుచు, నీటిమీద నడచివచ్చు వానిని చూచి భూతమనుకొని కేకలు వేసిరి. ఆ కేకలు వేసినవారు పిల్లలు కారు, ఆ సముద్రముమీదనే పుట్టి పెరిగిన బెస్తవారును వారిలోనుండిరి. ప్రభువు వారిని అపహసింపలేదు, ఇంకొంత సేపు భయపెట్టి వేడుక చూడలేదు. వెంటనే మాటలాడి తానెవరో తెలియజేసెను. లూకా 24లో ఇంకను వింతగానున్నది. తిరిగి లేచిన ప్రభువును చూచి ఆత్మ యనుకొని వణకినవారికి ఆయన తన చేతులను పాదములను చూపి, తాకి చూడుమనెను. అప్పటికిని నమ్మలేకయుండగా కాల్చిన చేపముక్క అడిగి తీసికొని వారి యెదుట తినెను. భూత్ బంగ్లాలో నియమమేమి? వేషగాడు నిన్ను తాకరాదు, నీవు వేషగానిని తాకరాదు. తాకినచో భయము పోవును గనుక ఆట చెడును. ప్రభువు ఆ నియమమునే తారుమారు చేసెను.

ఇంతవరకు ఆట సంగతి. నన్ను ఆ రాత్రి నిద్రపోనీయనిది వేరొకటి. పిల్ల చెప్పిన వేషములలో 'మంత్రగత్తె' వేషము ముఖ్యమైనది: కొక్కెపు ముక్కు, నల్ల టోపీ, చేత చీపురు. ఈ వేషమునకు ప్రపంచ రాజధానివంటి ఊరు అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమందున్న సేలెం. బోస్టన్‌కు ఉత్తరమున సముద్రపు ఒడ్డుననున్న రేవుపట్టణమది. 1982నుండి అక్కడ అక్టోబరు నెలలో హాలోవీన్ ఉత్సవము జరుగుచున్నది. దయ్యాల యిండ్లు, రాత్రి నడకలు, వేషముల ఊరేగింపు చూడ లక్షలమంది వచ్చెదరు. ఆ ఊరి పేరు బైబిలునుండి తీసినది, సమాధానమని దాని అర్థము.

ఆ సమాధానపు ఊరిలో 1692లో ఏమి జరిగెను? ఒక సంఘకాపరి యింటిలోని బాలికలకు తెలియని మూర్ఛలు వచ్చినవి. ఎవరు చేసిరని పెద్దలు అడిగిరి. వారు పేర్లు చెప్పిరి. పొరుగువారు పొరుగువారిమీద నేరము మోపిరి. పందొమ్మిది మందిని ఉరితీసిరి. ఎనుబదేండ్ల ముసలివాని యొకనిని రాళ్ళక్రింద అణచి చంపిరి. మంత్రగత్తెనని ఒప్పుకొన్నవారు బ్రదికిరి, ఒప్పుకొననివారు ఉరికి పోయిరి. రెబెకా నర్స్ అను డెబ్బదియొక్క ఏండ్ల తల్లి సంఘసభ్యురాలు. జూరీ మొదట ఆమెను నిర్దోషియని చెప్పియు మరల మాట మార్చినది, సంఘము ఆమెను వెలివేసినది, ఉరి తీయబడినది. వారిని చంపినవారు దేవుని ఎరుగనివారు కారు. మనవలెనే ప్రొటెస్టంటులు, ఉదయము సాయంకాలము బైబిలు చదువువారు.

వారికి వాక్యాధారమును ఉండెను. నిర్గమకాండము 22:18 చూడుడి, దానినే చేతబట్టుకొనిరి. అయితే అదే ధర్మశాస్త్రము ద్వితీయోపదేశకాండము 19:15లో ఇద్దరు ముగ్గురు సాక్షులు లేక ఎవనిమీదను నేరము స్థిరపరచరాదని కట్టడ చేసినది. సేలెంలో సాక్ష్యమేమి? ఫలాని ఆమె రూపము రాత్రి నాకు కనబడి నన్ను గిల్లినదని చెప్పుటయే సాక్ష్యము. కలను సాక్షిగా కూర్చుండబెట్టిరి. అయిదేండ్లకు, 1697 జనవరి 14న, దేశమంతట ఉపవాసదినము ప్రకటింపబడగా న్యాయాధిపతులలో ఒకడైన శామ్యూల్ సీవాల్ బోస్టన్ గుడిలో తన బల్లయొద్ద లేచి నిలుచుండెను. అతని ఒప్పుకోలును కాపరి సంఘమంతటికి వినిపించెను. మిగిలిన న్యాయాధిపతులు అట్లు నిలువలేదు. నేరము మోపిన బాలికలలో ఒకతె 1706లో సంఘమెదుట క్షమాపణ కోరినది. నేరముమోపబడిన ఎలిజబెత్ జాన్సన్ పేరు మాత్రము 2022 వరకు కొట్టివేయబడక నిలిచెను. దానిని కొట్టివేయించినది ఒక బడిలోని ఎనిమిదవ తరగతి పిల్లల పట్టుదల.

అది దూరదేశపు పాత కథ యనుకొనకుడి. చేతబడి, బాణామతి అను మాటలు తెలంగాణలో ఎవరికి తెలియవు? మంత్రము పలుకలేకుండ అనుమానితుల పండ్లు ఊడగొట్టుట మన పల్లెలలో జరిగిన సంగతియే. 2022 జనవరి 20న జగిత్యాల పట్టణములో కులసంఘపు కూటము జరుగుచుండగా, మంత్రాలు చేయుచున్నారను అనుమానముతో ఒక తండ్రిని, ఇద్దరు కుమారులను పొడిచి చంపిరి. బిడ్డకు జ్వరము, బఱ్ఱెకు పాలు తగ్గుట, ఆస్తి తగవు, ఇంత చాలును; వేలు చూపబడునది తరచుగా ఒంటరి విధవరాలు, మాటకారి ముసలిది. విశ్వాసుల యిండ్లలోను "ఆమె కన్ను మంచిది కాదు", "ఆమె ఏదో పెట్టినది" అను మాటలు నా చెవులార విన్నాను. ప్రార్థనకూటములలో సైతము పొరుగుదాని పేరెత్తి ప్రార్థించుట విన్నాను. టిక్కెట్టు కొని పడిన భయము తలుపు దాటగానే పోవును. పొరుగుదానిమీద వేసిన భయము ఆమె యింటి గుమ్మమున కూర్చుండును.

ఇప్పుడు ఏన్దోరు భాగము తెరువుడి. సోదె చెప్పువారిని దేశమునుండి వెళ్లగొట్టిన సౌలే, దేవుడు ఉత్తరమియ్యకపోగా, మారువేషము వేసికొని రాత్రివేళ సోదెకత్తె యింటికి పోయెను. అతడు చేసినది తప్పని గ్రంథము స్పష్టముగా చెప్పుచున్నది, 1 దినవృత్తాంతములు 10:13 చూడుడి. ఆ విద్య మనకును నిషిద్ధమే. అయితే అధ్యాయపు చివరి భాగమును మనము త్వరగా దాటిపోవుదుము. సౌలు భయముచేత నేలమీద నిలువున కూలెను, దినమంతయు తిండి లేదు. అప్పుడు ఆ స్త్రీ, ఎవని ఆజ్ఞవలన తన ప్రాణము అపాయములో నుండెనో వానినే బ్రతిమాలి, ఇంటనున్న క్రొవ్విన దూడను వధించి, పిండి పిసికి రొట్టె కాల్చి పెట్టెను. అతని జీవితపు ఆ కడపటి రాత్రి అతనికి అన్నము పెట్టినది ఆమెయే. మన పిల్లలకు ఏన్దోరు కథ చెప్పునప్పుడు ఈ రొట్టెను విడిచిపెట్టుచున్నాము.

మరునాటి సాయంకాలము ఆ యింటికి పోతిని. తల్లి టీ ఇచ్చినది. పిల్ల ఎదురుగా కూర్చున్నది. "ఆటకు పొమ్మా, యేసయ్య ఆటకు కోపపడడు. కాని ముసలి మంత్రగత్తె వేషము మాత్రము వద్దు" అంటిని. "ఎందుకు సార్?" అన్నది. సేలెం కథ మొత్తము చెప్పుటకు ధైర్యము చాలక, "అట్లాంటి పేరు పెట్టి కొందరు నాయనమ్మలను ఊరివారు కొట్టిరమ్మా" అని మాత్రము చెప్పితిని. పిల్ల చాలసేపు ఆలోచించి, "అయితే గుమ్మడికాయ ఏసుకుంట" అన్నది. మా పెద్దమ్మగారు ఈ తీర్పును ఇంకను ఒప్పుకొనలేదు. ఆమె మాటలోను కొంత న్యాయమున్నది గనుక నేను వాదింపను.

నవంబరు 2న సమాధుల పండుగనాడు నారాయణగూడ శ్మశానములో ఆ కుటుంబమును మరల చూచితిని. చీకటి పడినది. ఎక్కడ చూచినను కొవ్వొత్తులు, బంతిపూలు, అగరువత్తుల పొగ, సమాధులమధ్య పరుగులెత్తు పిల్లలు. ఆ చిన్నది నాయనమ్మ సమాధిమీద మోకాళ్ళూని, గాలికి ఆరిపోవుచున్న కొవ్వొత్తికి రెండు చేతులు అడ్డుపెట్టియున్నది. భయము కాలేదా అని అడిగితిని. నేనేదో తెలివితక్కువ మాట అడిగినట్లు చూచి, "మా నాయనమ్మే గద సార్" అని, అగ్గిపెట్టె ఉన్నదా అని నన్నడిగినది.