వృత్తి లక్ష్యానికి లిఖిత ప్రణాళిక

దేశం తన ఆకాంక్షలకు 1951లో తొలి పంచవర్ష ప్రణాళిక రూపంలో అంకెలను, గడువులను జతచేసింది. వ్యక్తులు తమ వృత్తి జీవితం విషయంలో ఆపాటి శ్రద్ధ చూపడం అరుదు. సివిల్ సర్వీసుల పరీక్షకు సిద్ధమయ్యే యువతీయువకులలో ఈ లోపం ప్రస్ఫుటంగా కనిపిస్తుంది.

ఈ పరీక్షలో కాలం పరిమితం. జనరల్ అభ్యర్థికి వయోపరిమితి 32 ఏళ్లు, అవకాశాలు ఆరు. ఇతర వర్గాలకు సడలింపులున్నాయి. ప్రాథమిక పరీక్షలో ఒక్క పేపరుకు హాజరైనా ఒక అవకాశం వినియోగమైనట్లే. సన్నద్ధత లేకుండా "అనుభవం కోసం" రాసి చూడడం ఎంత ఖరీదైన అలవాటో దీనినిబట్టి గ్రహించవచ్చు. కనుక తొలి ప్రయత్నం ఏ సంవత్సరంలో చేయాలన్నదే ప్రణాళికలో మొదటి పంక్తి కావాలి.

మాధ్యమం రెండవది. ప్రధాన పరీక్షను తెలుగులో రాసే వీలు 1979 నుంచి ఉంది. అయితే ప్రశ్నలు హిందీ, ఇంగ్లీషు భాషలలోనే ఉంటాయి. తెలుగు మాధ్యమం ఎంచుకున్నవారు పారిభాషిక పదాల పట్టికను స్వయంగా తయారుచేసుకోవడానికి కొన్ని నెలలు కేటాయించక తప్పదు.

"ఈసారి ఉత్తీర్ణత సాధించాలి" అని గోడమీద రాసుకున్నంత మాత్రాన ప్రయోజనం స్వల్పం. ఫలితం అభ్యర్థి చేతిలో లేదు, పని ఉంది. జనరల్ స్టడీస్ ప్రధాన పత్రంలో మూడు గంటలలో 20 ప్రశ్నలకు సమాధానాలు రాయాలి. అంటే సగటున ఒక్కొక్కదానికి తొమ్మిది నిమిషాలు. "ఆదివారం ఉదయం గడియారం పెట్టుకుని అయిదు సమాధానాలు" అన్న పంక్తిని సాయంత్రం సరిచూసుకోవచ్చు.

అనారోగ్యమో, కుటుంబ బాధ్యతో అడ్డుపడి వారాలు తప్పిపోవడం సహజం. యుద్ధం, కరవుల దరిమిలా 1966-69 మధ్య దేశమే పంచవర్ష ప్రణాళికను పక్కనపెట్టి వార్షిక ప్రణాళికలతో నడిచింది. తప్పిన పంక్తిని కొట్టివేసి, కారణం, కొత్త తేదీ పక్కన రాయాలి. కారణాలు మూడు నెలలపాటు ఒకటే అయితే మార్చవలసింది తేదీని కాదు, దినచర్యను.

చాలామంది రాయడానికి జంకే పంక్తి మరొకటుంది: ఏ వయస్సులో ఈ ప్రయత్నం విరమించాలి? ఆపై ఏమి చేయాలి? చదివినదానిలో అధికభాగం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ల గ్రూప్ పరీక్షలకూ అక్కరకు వస్తుంది. నగరంలో గది అద్దె, శిక్షణ రుసుము భరిస్తున్న తల్లిదండ్రులకు ఆ పంక్తిని మొదటి ఏడాదిలోనే చూపించడం న్యాయం.