మన జిల్లా పేరు యాప్‌కి ఎవరు చెబుతారు?

నెలనెలా కంప్యూటర్ పాఠం: 8 నుంచి 12 తరగతుల పిల్లల తల్లిదండ్రులకు



ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపేటప్పుడు ‘జిల్లా’ అన్న గడిలో మనం సాధారణంగా టైపు చేయం. నొక్కితే జాబితా వస్తుంది, అందులో అనకాపల్లిని ఎంచుకుంటాం. ఆ వెంటనే ‘మండలం’ గడిలో అచ్యుతాపురం కనిపిస్తుంది. మొదటి దరఖాస్తు రాకముందే ఎవరో కూర్చుని ఈ పేర్లన్నీ డేటాబేస్‌లోకి ఎక్కించి పెట్టారన్నమాట. ఇలా ముందుగా ఎక్కించే సమాచారాన్నే ప్రారంభ డేటా అంటారు. సీడ్ డేటా అన్నా అదే. సీడ్ అంటే విత్తనం.

వెబ్‌సైట్ ప్రాజెక్టు చేసే పిల్లలు స్క్రీన్ రంగుల మీద చూపే శ్రద్ధ దీని మీద చూపరు. కానీ విత్తనం తేడా అయితే పంటంతా తేడానే. మన ఊరి సంగతే దీనికి మంచి ఉదాహరణ.

2022 ఏప్రిల్ 4న ఏం మారింది?

ఆ రోజు ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. విశాఖపట్నం జిల్లా నుంచి 24 మండలాలతో అనకాపల్లి జిల్లా ఏర్పడింది. అచ్యుతాపురం, రాంబిల్లి, మునగపాక, ఎలమంచిలి మండలాలు అందులోకి వచ్చాయి. తెలంగాణలోనూ 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి.

ఇలాంటి మార్పు వచ్చినప్పుడు పాత జాబితాతోనే నడిచే సాఫ్ట్‌వేర్‌లో అచ్యుతాపురం వాళ్లకు తమ జిల్లా పేరే దొరకదు. దొరికినదేదో ఎంచుకుంటే, తర్వాత ఆధార్‌తోనో సర్టిఫికెట్‌తోనో పోల్చినప్పుడు తేడా వస్తుంది. ఇబ్బంది పడేది దరఖాస్తు పెట్టిన విద్యార్థే.

పేరు ఎక్కడ రాసి ఉంచాలి?

ఒక పిల్లవాడు స్కూల్ విద్యార్థుల వివరాలకు చిన్న యాప్ చేస్తున్నాడనుకుందాం. ప్రతి విద్యార్థి వరుసలోనూ జిల్లా పేరును అక్షరాల్లో రాస్తే ఒకచోట ‘విశాఖపట్నం’, ఇంకోచోట ‘విశాఖ’, మరోచోట ‘వైజాగ్’ అని పడుతుంది. జిల్లా మారితే వందల వరుసలు వెతికి దిద్దాలి.

సరైన పద్ధతిలో మూడు పట్టికలు ఉంటాయి. జిల్లాల పట్టికలో 1 విశాఖపట్నం, 2 అనకాపల్లి. మండలాల పట్టికలో అచ్యుతాపురం, దాని పక్కన జిల్లా సంఖ్య 2. విద్యార్థి పట్టికలో మండలం సంఖ్య మాత్రమే. ఇలా కట్టిన యాప్‌లో 2022 నాటి మార్పుకు జిల్లాల పట్టికలో అనకాపల్లి వరుస కలిపి, 24 మండలాల పక్కన జిల్లా సంఖ్య మారిస్తే సరిపోతుంది. విద్యార్థుల వరుసలు ముట్టుకోనక్కర్లేదు.

ఎక్కించడం ఎలా?

పైథాన్‌తో వెబ్‌సైట్ కట్టడానికి పిల్లలు ఎక్కువగా వాడేవి జాంగో, ఫ్లాస్క్. జాంగోలో ఈ సౌకర్యం ముందే ఉంది. జాబితాను ఒక ఫైల్‌లో రాసి ‘లోడ్‌డేటా’ అనే ఆదేశం ఇస్తే డేటాబేస్‌లోకి ఎక్కుతుంది. ఫ్లాస్క్ తేలికపాటిది, దానికి డేటాబేస్ పని విడిగా జోడించుకోవాలి. అందుకు ఫ్లాస్క్-సీడర్ అనే ప్లగిన్ ఉంది. జిల్లాలకు ఒక సీడ్, మండలాలకు ఒక సీడ్ రాసి, ఒక్క ఆదేశంతో రెండూ నడపవచ్చు.

ఇక్కడ వరుసక్రమం ముఖ్యం. అనకాపల్లి ఇంకా పట్టికలో లేకుండానే ‘అచ్యుతాపురం, జిల్లా సంఖ్య 2’ అని ఎక్కించబోతే, ఆ 2 ఎవరో డేటాబేస్‌కి తెలియదు. పట్టికల మధ్య సంబంధం సరిగ్గా ఏర్పాటు చేసి ఉంటే తిప్పి పంపేస్తుంది. అందుకే ఈ ప్లగిన్‌లో ప్రతి సీడ్‌కూ ప్రాధాన్య సంఖ్య ఇవ్వవచ్చు. చిన్న సంఖ్య ఉన్నది ముందు నడుస్తుంది. జిల్లాలకు 1, మండలాలకు 2 ఇస్తే చాలు.

రెండోసారి నడిపితే?

ఒక ఆదేశాన్ని పిల్లలు పదిసార్లు నడుపుతారు. ప్రతిసారీ ‘కొత్త వరుస చేర్చు’ అని మాత్రమే రాసి ఉంటే జాబితాలో అనకాపల్లి పదిసార్లు కనిపిస్తుంది. ‘ఈ సంఖ్యతో వరుస ఉందా? లేకపోతేనే చేర్చు’ అని రాయాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. జాంగో పాత వెర్షన్లలో ‘ఇనీషియల్ డేటా’ అనే పేరుతో ఫైల్ పెడితే, డేటాబేస్‌ను సరిచేసే ఆదేశం ఇచ్చిన ప్రతిసారీ అది తనంతట తానే మళ్లీ ఎక్కేది. మధ్యలో ఎవరైనా చేత్తో దిద్దిన తప్పులు పాత రూపానికి వెళ్లిపోయేవి. 2015 డిసెంబరులో వచ్చిన 1.9 వెర్షన్‌లో ఆ పద్ధతిని పూర్తిగా తీసేశారు. పెద్ద నిపుణులు కట్టినదానిలోనూ దిద్దుబాట్లు ఉంటాయని పిల్లలకు చెప్పడానికి ఇది మంచి కథ.

మరి పుట్టిన జిల్లా?

2022 ఏప్రిల్‌కు ముందు ఇక్కడ పుట్టిన మన పిల్లల జనన ధ్రువపత్రాల్లో జిల్లా విశాఖపట్నం అనే ఉంటుంది. అది తప్పు కాదు, ఆనాటికి అదే నిజం. పుట్టిన చోటును కూడా మండలం సంఖ్యతోనే ముడిపెడితే, జిల్లా సంఖ్య మార్చగానే అందరి పుట్టిన జిల్లా కూడా మారిపోతుంది. కాబట్టి ‘ప్రస్తుత జిల్లా’ మారుతూ ఉండాలి, ‘పుట్టిన జిల్లా’ ధ్రువపత్రంలో ఉన్నట్టే విడిగా నిలవాలి. ఏది మారనివ్వాలి, ఏది కదలకూడదు అని ఆలోచించడమే ఈ పాఠంలో అసలు చదువు. కోడ్ రాయడం ఆ తర్వాతి పని.

నిజమైన వివరాలు వద్దు

యాప్ పనిచేస్తోందో లేదో చూడటానికి కొందరు పిల్లలు తోటి విద్యార్థుల అసలు పేర్లు, ఫోన్ నంబర్లు ఎక్కిస్తారు. ఆ ఫైల్ స్నేహితులకు వెళ్తుంది, ఇంటర్నెట్‌లోకీ వెళ్లవచ్చు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాలు వాడేందుకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, తోటివారి వివరాలు మనవి కావని పిల్లలకు ఇప్పుడే తెలియాలి. జిల్లాలు, మండలాలు అసలువే ఉండాలి. మనుషుల వివరాలు మాత్రం కల్పించినవై ఉండాలి.

ఇంట్లో అడిగి చూడండి

మీకు కోడింగ్ రాకపోయినా ఫర్వాలేదు. మీ అమ్మాయి గానీ అబ్బాయి గానీ ప్రాజెక్టు చూపించినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

1. ఖాళీ డేటాబేస్‌తో మొదలుపెడితే నీ యాప్‌కి ముందుగా ఏయే జాబితాలు కావాలి?
2. వాటిలో ఏది ముందు ఎక్కాలి, ఎందుకు?
3. అదే ఆదేశం ఇప్పుడు నా ముందు రెండుసార్లు నడిపితే పేర్లు రెట్టింపు అవుతాయా?
4. రేపు ఇంకో కొత్త జిల్లా వస్తే నువ్వు ఎన్ని చోట్ల దిద్దాలి?

నాలుగో ప్రశ్నకు ‘రెండు పట్టికల్లో’ అని జవాబు వస్తే మీ పిల్లలకు పాఠం అర్థమైనట్టే. ‘అన్ని చోట్లా’ అంటే కోప్పడకండి. కాగితం మీద మూడు పట్టికలు గీసి, మీ ఇంటి చిరునామానే అందులో నింపమనండి. సీబీఎస్‌ఈ 12వ తరగతి కంప్యూటర్ సైన్స్‌లో పట్టికలు, వాటి మధ్య సంబంధాలు, పైథాన్‌తో డేటాబేస్‌ను కలపడం ఎలాగూ చదవాలి. ఆ కాగితం ఈ నెలాఖరులోగా కంప్యూటర్ టీచర్‌కి చూపిస్తే, తర్వాతి మెట్టు ల్యాబ్‌లో చేయిస్తారు.