ఎ ఎక్కడ? ఏన్ ఎక్కడ?

ఎ, ఇ, ఐ, ఓ, యు అనే అయిదు అక్షరాలతో మొదలయ్యే ఇంగ్లీషు మాటలకు ముందు ఏన్ పెట్టాలి, తక్కిన వాటికి ముందు ఎ పెట్టాలి. ఈ సూత్రాన్ని మీరు చిన్న తరగతుల్లోనే వల్లె వేసి ఉంటారు. ఏన్ ఎగ్, ఏన్ అంబ్రెల్లా, ఎ బుక్, ఎ పెన్... అంతా సవ్యంగానే నడుస్తుంది. ఇంతలో పరీక్షలో యూనివర్సిటీ అనే మాట వస్తుంది. మొదటి అక్షరం యు. అది అచ్చే కదా అని ఏన్ పెడతారు. ఒక మార్కు పోతుంది. గంట అనే అర్థంలో అవర్ వస్తుంది. మొదటి అక్షరం హెచ్. అది హల్లు కదా అని ఎ పెడతారు. ఇంకో మార్కు పోతుంది. మరి సూత్రం తప్పా?

సూత్రాన్ని చెప్పిన తీరు తప్పు. తర్వాతి మాట కాగితం మీద ఏ అక్షరంతో మొదలైందో ఎ, ఏన్‌లకు అక్కరలేదు. నోట్లో ఏ ధ్వనితో మొదలైందన్నదే వాటికి కావాలి.

ఇంగ్లీషులో రాసేదొకటి, పలికేదొకటి. మనం రాసిందే పలుకుతాం. కనుక సందేహం వచ్చినప్పుడు ఆ మాటను తెలుగు లిపిలో రాసి చూడండి. యూనివర్సిటీ, యూనిఫారం, యూరోపియన్: వీటి మొదట ఉన్నది యకారం, అంటే హల్లు. అందుచేత ఎ యూనివర్సిటీ, ఎ యూరోపియన్. అంబ్రెల్లా మొదటి అక్షరం కూడా యు అయినా పలుకులో అకారమే ఉంది, కనుక దానికి ఏన్. అవర్, ఆనెస్ట్, ఆనర్ ఫ్రెంచి నుంచి వచ్చిన మాటలు. వీటి రాతలో హెచ్ ఉంది గాని పలుకులో లేదు. అందుచేత ఏన్ అవర్. రూపాయి నోటు ఓ అక్షరంతో మొదలైనా పలికేది ‘వన్’ కాబట్టి ఎ వన్ రూపీ నోట్. పొడి అక్షరాలకూ ఇదే లెక్క. ఎం హల్లే గాని, దాని పేరు ఎకారంతో మొదలవుతుంది. కనుక ఏన్ ఎమ్మెల్యే, ఏన్ ఎక్స్‌రే, ఏన్ ఎస్.ఎస్.సి. సర్టిఫికెట్, కాని ఎ బి.ఎ. డిగ్రీ, ఎ యు.ఎన్. ఆఫీసర్.

‘‘మరి యాపిల్ మొదట యకారం ఉందే!’’ అని మీలో ఎవరో ఒకరు అడగక మానరు. మంచి ప్రశ్నే. ఆ మాట మొదట ఉన్న అచ్చుకు తెలుగులో విడిగా అక్షరం లేదు. ‘య’కు దీర్ఘమిచ్చి సరిపెట్టుకుంటున్నాం, అంతే. ఇంగ్లీషువారి నోట అక్కడ యకారం లేదు. యాపిల్‌కు, యాక్టర్‌కు ఏన్ పెట్టవలసిందే.

ఇంతవరకు తెలుగు మనకు సాయపడింది. ఒకచోట మాత్రం అదే మనల్ని మోసం చేస్తుంది. జబ్బు చేసి ఏడాది చదువు పోగొట్టుకున్న ఒక విద్యార్థి స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలో ఆ సంగతి చెప్పబోయి, ‘ఐ లాస్ట్ ఏన్ ఇయర్’ అన్నాడనుకోండి. ప్రశ్న అడిగినాయన ఉలిక్కిపడి అతని రెండు చెవుల వంకా చూస్తాడు! ఇయర్ అంటే చెవి. సంవత్సరం అనే మాట యియర్. చెవికి ఏన్, సంవత్సరానికి ఎ.

ఈ రెండూ మనకు ఒకేలా ఎందుకు వినిపిస్తాయి? తెలుగులో మాట మొదట ఉన్న ఇ, ఎలకు ముందు ఒక సన్నని యకారం, ఉ, ఒలకు ముందు వకారం తమంత తాముగా వచ్చి చేరుతుంటాయి. ఎద్దు అన్నా యెద్దు అన్నా, ఒకటి అన్నా వొకటి అన్నా అర్థం మారదు. మారదు గనుక ఆ తేడాను మన చెవి పట్టించుకోవడం మానేసింది. ఇంగ్లీషులో అక్కడే అర్థం మారిపోతుంది. యెల్లోను ఎల్లో అని, వుల్‌ను ఊల్ అని పలికేవారు వాటి ముందు ఏన్ పెట్టడంలో వింత లేదు. ఎ యెల్లో శారీ, ఎ వులెన్ షాల్ అన్నవే ఒప్పు.

అద్దం ముందు నిలబడి ఒక చిన్న ప్రయోగం చేయండి. పెదవులను ఈల వేసేటప్పటిలా గుండ్రంగా బిగించి, ఒక్కసారి వదులుతూ ‘వుల్’ అనండి. పెదవుల కదలిక అద్దంలో కనిపించాలి. అలాగే నాలుక మధ్యభాగాన్ని అంగిలికి బాగా దగ్గరగా లేపి, వదులుతూ ‘యియర్’ అనండి. నాలుకను అలా లేపకుండా ‘ఇయర్’ అనండి. ఒకదాని తర్వాత ఒకటి పదిసార్లు అంటే తేడా పట్టుబడుతుంది.

అసలు ఈ రెండు రూపాలు దేనికి? రెండు అచ్చులు పక్కపక్కన పడితే పలకడం ఇబ్బంది. మా, అమ్మ కలిసినప్పుడు మనం మధ్యలో యకారం తెచ్చి మాయమ్మ అంటాం. మీరు చదువుకున్న యడాగమం ఇదే. ఇంగ్లీషువారికి ఆ పని నకారం చేసిపెడుతోంది. అయితే వారు దానిని కొత్తగా తేలేదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ‘ఆన్’ అంటే ఒకటి. కాలక్రమాన హల్లుల ముందు నకారం రాలిపోయి ఎ మిగిలింది. అచ్చుల ముందు మాత్రం నిలిచిపోయింది.

ఆ తర్వాత ఒక తమాషా జరిగింది. నకారం ముందు మాటదో వెనక మాటదో జనానికి తెలియకుండా పోయింది. క్రికెట్ ఆటలో అంపైర్ ఒకప్పుడు ‘నూంపేర్’. ఎవరితోనూ జతలేని మూడో మనిషి అని దాని భావం. ‘ఎ నూంపేర్’ను ‘ఏన్ ఊంపేర్’ అనుకున్నారు. నకారం పోయింది! వంటింట్లో కట్టుకునే ఏప్రన్ కూడా పూర్వం నాప్రనే. దీనికి ఎదురుగా నడిచిన మాట నిక్‌నేమ్. అది మొదట ‘ఎకెనేమ్’, అంటే అదనపు పేరు. ‘ఏన్ ఎకెనేమ్’లోని నకారం జారి పేరుకు అంటుకుంది.

ఇక ఆరెంజ్ సంగతి. సంస్కృతంలో నారంగం, పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్. స్పెయిన్ దేశస్థులు ఈనాటికీ నకారంతోనే పలుకుతారు. ఇటలీ, ఫ్రాన్సుల మీదుగా వెళ్లిన మాటకు మాత్రం ఇంగ్లీషుకు చేరకముందే, దారిలోనే నకారం ఊడిపోయింది. మన నారింజలో అది చెక్కుచెదరకుండా ఉంది; వారి ఆరెంజ్‌కు ముందు ఏన్ పెట్టుకోక తప్పడం లేదు.